గుండీలున్న కంప్యూటరు

బందరులో ఉప్పుగాలికి లొంగనిది మా ఆయన పట్టుదల ఒక్కటే. మిగతావన్నీ లొంగుతాయి. కిటికీ ఊచలు పొరలు పొరలుగా లేస్తాయి, గేటు గడియ పట్టేస్తుంది, ఫ్యాను రెక్కల మీద గోధుమరంగు చుక్కలు పడతాయి. అందుకని మా వైపు ఇళ్లలో కరెంటు మీద నడిచే ప్రతి వస్తువుకీ ఒక తొడుగు కుట్టిస్తారు. మిక్సీకి తొడుగు, గ్రైండరుకి తొడుగు, ఫ్రిజ్ పిడికి కూడా తొడుగే. కొత్త వస్తువు ఇంటికొస్తే దాంతో వచ్చిన పుస్తకం ఎవరూ చదవరు గానీ టేపు పట్టుకుని కొలతలు మాత్రం వెంటనే తీస్తారు. మా ఇంటికి సంబంధించి ఆ కొలతల పని మా ఆడపడుచుది.

ఆవిడ మా ఆయనకి అక్క, నాకు వదినగారు. దివిసీమలో, అవనిగడ్డ దాటాక ఒక పల్లెలో ఉంటారు. ఆవిడ భర్త, మా అన్నయ్యగారు, ఆ పల్లె చర్చికి చాలాకాలం పాస్టరు. ఊరందరికీ ఆయన అయ్యగారు, ఈవిడ అమ్మగారు. అన్నయ్యగారు పాటలు కట్టేవారు. కట్టడమే గానీ రాయడం లేదు. సైకిలు మీద ప్రార్థనలకి వెళ్తూ దారిలో ఒక చరణం, చేపల వేటకెళ్లేవాళ్ల ఇళ్ల ముందు వలల పక్కన కూర్చుని ఇంకో చరణం కట్టుకుని, ఇంటికొచ్చి వదినగారికి పాడి వినిపించేవారు. ఆవిడకి వచ్చేస్తే ఇక పాట భద్రమే అని ఆయన నమ్మకం. కాగితం మీద పెట్టండి అన్నయ్యగారూ అని నేనెప్పుడన్నా అంటే, మీ వదిన ఉందిగా అని నవ్వేసేవారు.

ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాక వదినగారికి ఒక భయం పట్టుకుంది. చర్చిలో స్త్రీల కూడికలో ఆయన పాట పాడుతుంటే మధ్యలో ఒక చరణం గుర్తు రాలేదట. ఇంటికెళ్లి వంట కూడా చేసుకోకుండా కూర్చుంటే సాయంత్రానికి గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి బందరు వచ్చేశారు. నేను ఇంట్లోనే తెలుగు టైపు చేస్తాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, చర్చిలకి కావలసిన పాటల కాగితాలు. పెళ్లయిన కొత్తలో నేర్చుకున్న పని, ఇప్పటికీ అదే నా చేతిలో ఉంది. వదినగారు ముందుగదిలో నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుని, మంచినీళ్లు కూడా తాగకుండా చెప్పారు.

"అమ్మాయ్, నేను పాడతా. నువ్వు కొట్టు."

అప్పటినుంచి వీలైనప్పుడల్లా వచ్చేవారు. ఆవిడ ఒక లైను పాడి ఆగేవారు, నేను కొట్టేదాన్ని. ముందు కాగితం మీద రాసుకుందామంటే ఒప్పుకోలేదు. తెర మీద అక్షరాలు పడుతుంటేనే ఆవిడకి ధైర్యం. కొన్ని పాటలు పాడుతూ ఏడ్చేవారు, కొన్ని పాడుతూ ఆయన్ని తిట్టేవారు, ఈ చరణం కట్టిన రోజు పాలు తీసుకురమ్మంటే మర్చిపోయి వచ్చారమ్మా అని. అలా అన్నయ్యగారి పాటలన్నీ నా కంప్యూటర్లోకి వచ్చేశాయి, ఒక్కటి తప్ప. ఆఖరి రోజుల్లో మంచం మీద పడుకుని కట్టిన పాట ఒకటి ఉందని, అది మాత్రం తర్వాత ఇస్తానని అన్నారు. నేను అడగలేదు. ఆయన జ్ఞాపకార్థ కూడిక రోజున పాటలన్నీ పుస్తకంగా వేసి పంచాలని ఇంటిల్లిపాదీ అనుకున్నాం.

వానాకాలం మొదలయ్యే ముందు ఒకసారి వచ్చినప్పుడు వదినగారు సంచిలోంచి ఒక తొడుగు తీశారు. సీపీయూకి. అంతకు ముందు నేను ఒక పాత దుప్పటి ముక్క కప్పేదాన్ని, పని మొదలెట్టేటప్పుడు తీసేసేదాన్ని. ఇది అలాంటిది కాదు. పైన పెడన కలంకారీ ముక్కలు, లోపల తేమ దూరకుండా రెక్సిన్. ముందువైపు స్విచ్చి నొక్కడానికి ఒక కిటికీ, పెన్‌డ్రైవ్ పెట్టడానికి ఇంకో కిటికీ. వెనక వైర్లు వచ్చే చోట చీలిక పెట్టి, పైనుంచి కిందదాకా తెల్లటి గుండీలు. అసలు తియ్యాల్సిన పనే లేకుండా కుట్టారు. ఆ గుండీలు ఎక్కడివో నాకు చూడగానే తెలిసింది. ఆదివారం ఆరాధనకి అన్నయ్యగారు వేసుకునే తెల్ల అంగీవి.

"ఆయనిప్పుడు ఇందులో ఉన్నారమ్మా. తుప్పు పట్టనివ్వమాక," అన్నారు వదినగారు.

ఆ మాట విన్నాక తొడుగు విప్పడానికి నాకు చేతులు రాలేదు. దుమ్ము దులపడానికి కూడా పైపైన గుడ్డ ఆడించేదాన్ని.

వానలు పడ్డాయి, కంప్యూటరు మొరాయించడం మొదలెట్టింది. మొదట్లో నత్తనడక. ఒక అక్షరం కొడితే అది తెర మీదికి రావడానికి తీరిగ్గా ఆలోచించుకునేది. తర్వాత తర్వాత పని మధ్యలో చెప్పాపెట్టకుండా ఆగిపోయేది. కాసేపు వదిలేస్తే మళ్లీ లేచేది. పాతదైపోయింది కదా అనుకున్నాను. నిజంగానే పాతది. దాని ఈడు కంప్యూటర్లు ఎప్పుడో పాతసామాను బండి ఎక్కేశాయి.

మా ఆయన రోజూ పాసింజరు రైల్లో గుడివాడలో ఆఫీసుకి వెళ్లొస్తారు. ఆ పెట్టెలో రోజూ ఎక్కేవాళ్లంతా ఒక సంఘం. ఒకరింట్లో బోరు పాడైనా, ఒకరి పిల్లకి సంబంధం వచ్చినా పెడన దాటేలోపు చర్చ మొదలై గుడ్లవల్లేరు వచ్చేసరికి తీర్మానం అయిపోవాలి. మా కంప్యూటరు సంగతి ఆయన అక్కడ పెట్టారు. అప్పటినుంచి సాయంత్రం ఇంటికి రాగానే కాళ్లు కడుక్కోకుండా ఒక సలహా. ప్రాసెసరు మార్చాలట. మర్నాడు, ప్రాసెసరు మారిస్తే మదర్‌బోర్డు కూడా మార్చాలట. ఆ మర్నాడు, అవి రెండూ మార్చేకంటే కొత్తది కొనడమే మేలట. ముదినేపల్లిలో ఎవరో చేపల చెరువుల లెక్కలకి కొన్న కంప్యూటరు కళ్లు మూసి తెరిచేలోగా లేస్తుందట. కంప్యూటరు మొహమే ఎరగని ఒకాయన మాత్రం అసలు లాప్‌టాప్ తీసుకోమన్నారట. వాళ్లలో ఒక్కరైనా తెలుగు టైపు చేస్తారా అని నేనడిగితే మా ఆయన కాఫీ కావాలన్నారు.

నా ఇబ్బంది వేరే. నేను వాడే తెలుగు సాఫ్ట్‌వేరు పాతకాలంది. దానికి ఒక తాళం ఉంది. తాళమంటే బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క, సీపీయూ వెనకాల పాత ప్రింటర్లు తగిలించే వెడల్పాటి కన్నంలో గుచ్చి ఉంటుంది. అది గుచ్చి ఉంటేనే ఆ సాఫ్ట్‌వేరు తెరుచుకుంటుంది. ఇప్పటి కంప్యూటర్లకి ఆ కన్నమే ఉండదు. పైగా ఆ సాఫ్ట్‌వేరు పాత సిస్టమ్ మీద తప్ప నడవదు. అది అమ్మినతను కొట్టు ఎత్తేసి ఎటో వెళ్లిపోయాడు. పాటల కాపీలు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, నిజమే. ఇంకో కంప్యూటర్లో పెట్టి తెరిస్తే అవి తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు, చుక్కలూ గీతలూ. అన్నయ్యగారి పాటలు చదవగలిగే యంత్రం మా ఇంట్లో ఉన్న ఇదొక్కటే. పుస్తకం అచ్చుకి వెళ్లకముందే ఇది చస్తే ఆ పాటలు మళ్లీ వదినగారి తలలోకే వెళ్లిపోతాయి, ఆవిడేమో ఇప్పటికే చరణాలు తడుముకుంటున్నారు.

ఇది ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేదు. ఫోన్ చేసినప్పుడల్లా, మీ అన్నయ్య ఎట్టా ఉన్నారమ్మా అని కంప్యూటరు గురించి అడిగేవారు. బాగున్నారండీ అనేదాన్ని.

చివరికి ఒకరోజు మా ఆయన సెలవు పెట్టారు. తొడుగు జాగ్రత్తగా గుండీలు విప్పి మడతపెట్టి బీరువాలో దాచి, సీపీయూని దుప్పట్లో చుట్టి గుడివాడ రైలెక్కాం. దాన్ని ఒళ్లో పెట్టుకుని నేను కూర్చున్నాను. ఎదురు సీటావిడ పెడనలో దిగబోతూ, బిడ్డ నిద్రపోతుందేమో అన్నట్టు గొంతు తగ్గించి, ఏంటమ్మా అది అని అడిగింది. కంప్యూటరండీ అంటే ఆవిడ మొహం చూడాలి.

గుడివాడ షాపాయన మంచి మాటకారి. లోపలికి వెళ్లగానే కూల్‌డ్రింకులు తెప్పించారు. మా సీపీయూని బల్ల మీద పెట్టి నాలుగు పక్కలా చూసి, దీనికి ఇంకా సేవ చేస్తున్నారా మేడమ్ అన్నారు. కొత్తవి వరసగా చూపించారు. నేను ఒక్కొక్కదాన్నీ వెనక్కి తిప్పి చూశాను. ఆ కన్నం దేనికీ లేదు. పెళ్లిచూపుల్లో పిల్ల మొహం చూడకుండా వీపు చూసినట్టు ఏంటది అని మా ఆయన విసుక్కున్నారు.

షాపాయన ఇంకో దారి చెప్పారు. పాత అక్షరాలని కొత్త అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయట. నాకు తెలుసు, ఇంటి దగ్గర నేనూ ప్రయత్నించాను. అయినా ఆయన ముచ్చటెందుకు కాదనాలని పెన్‌డ్రైవ్ ఇచ్చాను. ఒక పాట మార్చి గర్వంగా తెర నా వైపు తిప్పారు. సగం వత్తులు ఎగిరిపోయాయి, సగం పక్కింటి అక్షరాలకి అతుక్కున్నాయి. అన్నయ్యగారు ఆ పాట విని ఉంటే తన పాటే అని ఒప్పుకునేవారు కాదు. అన్నీ మార్చి, ఒక్కొక్కటీ మళ్లీ దిద్దాలంటే వదినగారు పక్కన కూర్చుని మొదటినుంచీ పాడాలి. కూడిక దగ్గరికొచ్చేసింది.

ప్రాసెసరు మారిస్తే బోర్డు మార్చాలి. బోర్డు మారిస్తే కన్నం పోతుంది. కన్నం పోతే తాళం పనికిరాదు. రైల్లో వాళ్ల తీర్మానాలన్నీ ఆ ఒక్క కన్నం దగ్గర ఆగిపోయాయి. మా ఆయన ఇంకా కొత్త వాటి వైపు చూస్తూనే ఉన్నారు. అప్పుడు నేను గట్టిగా చెప్పాను, ఈ పాటలు పుస్తకమయ్యేదాకా నాకు కొత్త కంప్యూటరు వద్దు, ఈ పాతదాన్ని అప్పటిదాకా బతికించే దారి ఏదైనా ఉంటే అది చెప్పండి అని. షాపాయన ముందు కొంచెం నీరుగారారు గానీ, తర్వాత బుద్ధిగా ఆలోచించారు. పాత హార్డ్ డిస్కు ఎప్పుడైనా పోవచ్చు కాబట్టి దాన్లో ఉన్నదంతా ఉన్నదున్నట్టుగా ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కులోకి దించుదాం అన్నారు. ర్యామ్ ఎక్కువ వేసినా ఈ పాత సిస్టమ్ వాడుకోలేదు, కొంచెం వేస్తే చాలు. బోర్డు జోలికి వెళ్లొద్దు. పాత డిస్కు మీ దగ్గరే దాచుకోండి. అయితే దించేటప్పుడు ఏదైనా అయితే నా పూచీ లేదు మేడమ్ అని కూడా అన్నారు.

సరేనన్నాను. దించుతున్నంతసేపూ స్టూలు మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాను. దేవా, ఇవి నీ పాటలే కదా, నా కోసం కాకపోయినా నీ కోసమైనా అని కొంచెం బేరం కూడా ఆడాను. అయిపోయిందన్నారు. స్విచ్చి నొక్కితే ఎప్పుడూ లేనిది టక్కున లేచింది. తాళం గుచ్చి సాఫ్ట్‌వేరు తెరిచాను. మొదటి పాట ఫైలు తెరిచాను. 'ఉప్పుటేటి దరిని నన్ను వెదకి వచ్చితివా' అని అన్నయ్యగారి పల్లవి ఎక్కడా చెక్కు చెదరకుండా తెర మీద నిలబడింది. ఫ్యాన్లకి పట్టిన దుమ్మంతా ఊడ్పించి, సాయంత్రం రైలు వేళ దాకా అక్కడే కూర్చుని పాటలు ఒకదాని తర్వాత ఒకటి తెరిచి చూశాను. ఒక్కసారి కూడా ఆగలేదు. నా ప్రాణం లేచొచ్చింది. వచ్చేటప్పుడు రైల్లో మా ఆయన ఇంకో మాట అనకుండా సీపీయూని తన ఒళ్లో పెట్టుకున్నారు.

ఇంటికి రాగానే ముందు చేసిన పని బీరువాలోంచి తొడుగు తీసి తొడగడం. గుండీలన్నీ పెట్టి, తృప్తిగా నిద్రపోయాను.

మర్నాడు పని మొదలెట్టిన కొద్దిసేపటికే మళ్లీ నత్తనడక. మధ్యాహ్నానికి ఆగిపోయింది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. షాపుకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు అడిగాను. ఆయన పాపం ఓపిగ్గానే విన్నారు. సాయంత్రందాకా మా దగ్గరున్నప్పుడు బానే ఉంది కదండీ, మీ ఇంటికొస్తే ఎందుకట్టా అవుద్ది, మీ ఇంట్లో కరెంటు చూపించుకోండి అన్నారు. ఎలక్ట్రీషియన్ని పిలిపించాం. కరెంటుకేం కాలేదన్నాడు. టేబులు తూర్పు గోడకి జరిపి చూశాం. కంప్యూటరుకి నా మీదేదో పగ ఉందన్న అనుమానం నాకు గట్టిపడింది.

ఆ వారమంతా ముసురు. బందరులో ముసురు పడితే ఉతికిన బట్టలు ఆరవు, చెక్క తలుపులు మూతపడవు. ఆ సాయంత్రం నేను మళ్లీ షాపాయనతో ఫోన్లో వాదించి పెట్టేసరికి మా ఆయన స్టేషన్నుంచి తడిసి వచ్చారు. జేబులోంచి చేతిరుమాలు తీసి, పిండి, ఎప్పుడూ చేసే పనే అన్నట్టు సీపీయూ తొడుగు మీద పరిచారు. ఇదేం పని అని నేను విరుచుకుపడ్డాను. అన్నయ్యగారి గుండీలున్న తొడుగు మీద చేతిరుమాలా అని.

ఆయన తాపీగా, వానలు మొదలైన దగ్గర్నుంచీ ఇక్కడే ఆరేస్తున్నానోయ్, ఇట్టే ఆరిపోద్ది, ఇస్త్రీ కూడా అక్కర్లేదు అన్నారు.

రుమాలు లాగేద్దామని చెయ్యి పెట్టాను. అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నె మూతలా ఉంది తొడుగు. అంత ముసురులో తడిరుమాలు ఎందుకు ఆరుతోందో మా ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు, ఆ రుమాలు ఇన్నాళ్లూ నా కంట ఎలా పడలేదో నాకు అర్థం కాలేదు. గుండీలు విప్పి తొడుగు తీసేశాను. లోపల్నుంచి వేడిగాలి నా మొహానికి కొట్టింది. పక్కల ఉన్న చిల్లులన్నీ రెక్సిన్‌తో మూసేసి, దాని ఊపిరి మేమే ఆపేశాం. గుడివాడలో తొడుగు లేదు. అందుకే అక్కడ అంత హాయిగా నడిచింది.

ఆ రాత్రి అన్నం తినేవేళ దాకా తొడుగు లేకుండా నడిపి చూశాను. పరుగే. ఎక్కడా తడబాటు లేదు. నాకు ఒకటే నవ్వు. గుడివాడ వెళ్లినందుకు కొంచెం ఉడుకుమోతుతనం కూడా వచ్చింది గానీ, ఆ పాత డిస్కు నిజంగానే పోయేటట్టుందని షాపాయన చెప్పారు కాబట్టి ఆ పని వృథా కాలేదని సరిపెట్టుకున్నాను. ప్రాసెసరు మార్చక్కర్లేదు, బోర్డు మార్చక్కర్లేదు, కొత్తది కొనక్కర్లేదు. చాలాకాలం తర్వాత ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. మర్నాడు రైల్లో మా ఆయన ఈ సంగతి చెబితే ఆ సంఘం గుడ్లవల్లేరు రాకముందే ఇంకో చర్చకి మారిపోయిందట.

ఇక మిగిలింది వదినగారు. తొడుగు సంగతి నువ్వు చెప్పు అంటే మీరు చెప్పండి అని మేమిద్దరం వంతులు వేసుకున్నాం. ఏమని చెప్తాను? అన్నయ్యగారిని కాపాడమని మీరు కుట్టిన తొడుగే ఆయన్ని చంపబోయిందని చెప్పాలా? ఆవిడ ఎంత శ్రద్ధగా ఆ కిటికీలు కుట్టారో, ఆ అంగీ గుండీలు కోస్తున్నప్పుడు ఎలా ఉండి ఉంటారో తలుచుకుంటే నాకు చెప్పాలనిపించేది కాదు. రెండు వారాలు తొడుగు లేకుండా హాయిగా పని చేసుకున్నాను. పాటలన్నీ దిద్దాను, పేజీలు సర్దాను. ఆఖరి పాట కోసం ఒక పేజీ ఖాళీగా ఉంచాను.

అప్పుడు వదినగారి ఫోన్ వచ్చింది. రేపు వస్తున్నానమ్మా, ఆ పాట ఇచ్చేస్తాను అన్నారు.

మర్నాడు ఆవిడ బస్సు పులిగడ్డ దాటిందని ఫోన్ రాగానే నేను తొడుగు తీసి తొడిగేశాను. ఒక్క పాటే కదా, ఆ కాసేపు తట్టుకోదా అనుకున్నాను. వదినగారు వచ్చారు. నేరుగా సీపీయూ దగ్గరికి వెళ్లి గుండీలు ఒకసారి తడిమి చూసుకుని కూర్చున్నారు. కాఫీ తాగారు. ఊరి కబుర్లు చెప్పారు. చాలాసేపు చెప్పారు. పాట దగ్గరికి రావడానికి ఆవిడకి మనసు రావడం లేదని నాకు తెలుస్తోంది. నేనేమో ఒక చెవితో కబుర్లు వింటూ ఇంకో చెవితో ఫ్యాను చప్పుడు వింటున్నాను. అది అప్పటికే గట్టిగా తిరుగుతోంది.

చివరికి ఆవిడ కళ్లు మూసుకుని మొదలెట్టారు. ఆ పాట ఇంతవరకు ఎవరూ వినలేదు. సన్నటి రాగం. మంచం మీద పడుకున్న మనిషి ఊపిరి ఎంత దూరం వస్తుందో అంత దూరమే ఒక్కో లైను. నేను కొడుతున్నాను, అక్షరాలు ఆగి ఆగి పడుతున్నాయి. రెండో చరణం సగంలో ఉండగా తెర నల్లగా అయిపోయింది.

వదినగారు కళ్లు తెరిచి తెర వైపు చూశారు. "పోయారా?" అన్నారు.

ఆవిడ చెయ్యి పట్టుకుని, పోలేదు వదినగారూ, ఏమీ పోలేదు, ఉక్కపోసి ఆగింది అంతే అని గబగబా చెప్పేశాను. వానాకాలం మొదలైన దగ్గర్నుంచీ జరిగిందంతా చెప్పాను. గుడివాడ, కొత్త డిస్కు, చేతిరుమాలు, అన్నీ. తొడుగు తీసేస్తే బాగుందని, ఆవిడ బాధపడతారని ఈరోజు మళ్లీ తొడిగానని కూడా చెప్పాను. ఆవిడ లేచి వెళ్లి తొడుగు మీద అరచెయ్యి ఆనించారు. వేడి తగిలి చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్లీ పెట్టారు. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

అప్పుడావిడ నవ్వారు. ముందు చిన్నగా, తర్వాత పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకునేంత.

"ఆయనకీ ఇంతేనమ్మా. ఆ అంగీ తొడిగి మెడ దాకా గుండీలు పెడితే పాట గొంతు దాటేది కాదు. ఆరాధన అవ్వగానే వచ్చి నా ముందు మెడ చాపేవారు, ముందు ఇవి విప్పవే, ఊపిరాడట్లేదు అని."

అంటూనే సీపీయూని తన వైపు తిప్పుకుని గుండీలు విప్పడం మొదలెట్టారు. నేను సాయం చెయ్యబోతే వద్దన్నారు. పైనుంచి కిందకి, ఒక్కోటీ చూడకుండానే, అలవాటైన చేతులతో విప్పారు. తొడుగు తీసి ఒళ్లో పెట్టుకుని, దాన్ని కాసేపు ఊపిరి పీల్చుకోనియ్యమ్మా అని కుర్చీలో వెనక్కి వాలారు. నాకు గుండెల మీంచి బండ దించినట్టయింది. ఇన్నాళ్లూ ఎంత మోశానో అది దిగాకే తెలిసింది.

చల్లబడ్డాక స్విచ్చి నొక్కాను, టక్కున లేచింది. పాటలన్నీ ఉన్నాయి. ఇప్పుడు కొట్టిన ఆ ఒకటిన్నర చరణం మాత్రం లేదు, సేవ్ చెయ్యలేదు. చెప్పడానికి నోరు తెరిచేలోపే ఆవిడకి అర్థమైంది. మళ్లీ పాడతాలే అన్నారు. ఈసారి కళ్లు మూసుకోలేదు. తెర వైపు చూస్తూ మొదటినుంచి చివరిదాకా, ఎక్కడా తడుముకోకుండా పాడారు. ప్రతి లైనుకీ నేను సేవ్ చేశాను. ఆఖరి లైను పడ్డాక ఆవిడ ముక్కు తుడుచుకుని, హమ్మయ్య, ఇక నేను మర్చిపోయినా ఏం కాదు అన్నారు. నేను ఆవిడ భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను. సంతోషంతోనే.

పుస్తకం కూడిక వేళకి వచ్చింది. ఆ పాత కంప్యూటరు ఇంకా నడుస్తూనే ఉంది. పాటల్ని కొత్త అక్షరాల్లోకి మార్చి, అచ్చయిన పుస్తకం పక్కన పెట్టుకుని తీరిగ్గా ఒక్కొక్కటే దిద్దుతున్నాను. అవి అయ్యాక కొత్తది కొంటాం అని మా ఆయనకి మాట కూడా ఇచ్చాను.

ఆ ఆఖరి పాట కొట్టిన రోజు సాయంత్రం వదినగారు బస్సుకి బయల్దేరే ముందు కంప్యూటరు ఆపేశాను. ఆవిడ సంచి భుజాన వేసుకుని కూడా కదల్లేదు. సీపీయూ పక్కన చెయ్యి పెట్టి, చల్లారిందా అని రెండు మూడుసార్లు చూసుకున్నారు. చల్లారాక తొడుగు తీసి తనే తొడిగారు. కిందనుంచి ఒక్కొక్క గుండీ పెట్టుకుంటూ వచ్చి, మెడ దగ్గర గుండీ మాత్రం పెట్టకుండా వదిలేశారు.